ఎవోరాలో నేను రుచి చూడకుండా పెట్టిన సూప్

పోయిన నెల సాహితి ఫోన్ చేసింది. షామ్‌బర్గ్‌లో నేను ఇరవై రెండేళ్ళు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఆ అమ్మాయి కూర్చుంటోంది. చికాగో చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే తెలుగు కుటుంబాలను గుంపుగా యూరప్ తీసుకువెళ్ళి, చూపించి, క్షేమంగా వెనక్కి తేవడం మా ఆఫీసు పని. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు కాస్త తడబడుతుంది గానీ మనసులో మాట దాచుకోదు.

"ఆంటీ, నా ఫస్ట్ గ్రూప్ పోర్చుగల్ వెళ్తుంది. ఎవోరా ఓల్డ్ టౌన్‌లో ఎక్కడ తినాలి? మీ లిస్ట్ నాకు సెండ్ చేస్తారా? నేను చాలా నెర్వస్ ఉన్నా."

లిస్ట్ ఉంది. పంపడానికి ఒక్క నిమిషం పట్టదు. కానీ దాన్ని అలాగే పంపిస్తే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టవుతుంది. ఎందుకో చెప్పాలంటే ఒక మధ్యాహ్న భోజనం గురించి చెప్పాలి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే మిగతావాళ్ళకు కూడా పనికొస్తుందని రాసి పెడుతున్నాను.

అసలు పని ఏమిటి

విమానాలు, హోటళ్ళు, వీసాలు, బస్సులు. మా పని ఇదేననుకుంటారు అందరూ. ఈ రోజుల్లో ఇదంతా ఎవరి ఫోన్‌లో వాళ్ళే చేసుకోగలరు. అయినా మా దగ్గరికి ఎందుకు వస్తున్నారంటే, పరాయి ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మకు ఏం పెట్టాలో తెలియక. అంతకు మించి కారణం లేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళు ఈ సంగతి గ్రహించక, రాజుల పేర్లూ చర్చిల చరిత్రా బట్టీ పట్టి టైమ్ వేస్ట్ చేసుకున్నాను.

నాకు పని నేర్పింది మా యజమాని యాదగిరి గారు. నల్గొండ మనిషి. ఒక ఇండియన్ గ్రోసరీ షాపు పక్కన రెండు గదుల్లో ఆఫీసు పెట్టి, గోడకు యూరప్ మ్యాప్ తగిలించి, పెద్ద గొంతుతో మాట్లాడుతూ వ్యాపారం నిలబెట్టారు. కోపం ముక్కు మీదే ఉండేది. బస్సు డ్రైవర్లతో గొడవ పెట్టుకోని టూర్ ఒక్కటీ లేదు. ఒకరిని మెచ్చుకోవాలంటే మాత్రం ఆయనకు నోరు పెగిలేది కాదు.

నన్ను మొదటిసారి ఒంటరిగా ఎవోరా పంపి, తిరిగి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టారు. నేను ఉత్సాహంగా కొండ మీది రోమన్ గుడి గురించి మొదలుపెట్టాను. పద్నాలుగు స్తంభాలు, చెక్కుచెదరని రాయి అని చెప్పుకుపోతున్నాను.

"పద్మమ్మా, గుడి యాడికీ పోదు. పగటీలి మూడు గంటలకు పోతే తిండి దొరుకుతదా లేదా, అది చెప్పు" అన్నారు.

దొరకదు. మూడింటికి వంటగదులు మూసేస్తే మళ్ళీ ఏడున్నర దాకా తెరవరు. నేను ఆ నాలుగు రోజులూ కేకులు తిని సరిపెట్టుకున్నాను కాబట్టి ఆ సంగతే గమనించలేదు. ఆయన అప్పుడు చెప్పిన నియమం ఒక్కటే. "నువ్వు తిన్నవా? తింటే లిస్ట్‌ల రాయి. తినకుంటే రాయకు." ఇరవై రెండేళ్ళలో నేను నేర్చుకున్న మిగతావన్నీ ఈ ఒక్క మాట తర్వాతే.

ఎవోరా గోడల లోపల

సాహితీ, నువ్వు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్తాను. ఎవోరా పాత ఊరు మొత్తం కోటగోడల లోపల ఉంటుంది. తెల్లటి ఇళ్ళు, వాటికి పసుపు రంగు అంచులు, గులకరాళ్ళు పరిచిన ఇరుకు సందులు. మధ్యలో ఫౌంటెన్ ఉన్న పెద్ద చౌరస్తా. అక్కడ కూర్చుని కాఫీ తాగించు, ఫోటోలు తీసుకోనివ్వు, భోజనం మాత్రం పెట్టించకు. బొమ్మలతో మెనూ బయట నిలబెట్టి, లోపలికి రమ్మని పిలిచే చోట ఎవరి ఇంటి వంటా దొరకదు. అక్కడి నుంచి రెండు సందులు లోపలికి నడువు. తలుపు మీద చేత్తో రాసిన కాగితం అతికించి, పన్నెండున్నరకే ఊరి ఆఫీసుల వాళ్ళతో నిండిపోయే చిన్న భోజనశాలలుంటాయి. పెట్టించేది అక్కడే.

మనవాళ్ళకు పెట్టగలిగినవి చాలానే ఉన్నాయి. గట్టి పెచ్చుతో ఉండే పల్లె రొట్టె మనకు భలే నచ్చుతుంది. పాలకూర వేసి వండిన శనగలు పెడితే గిన్నెలు ఖాళీ అవుతాయి. ఎండాకాలమైతే టమాటా, దోసకాయ ముక్కలు వేసిన చల్లటి సూప్ ఉంటుంది, పైన హామ్ ముక్కలు చల్లవద్దని చెప్పాలి. అక్కడి గొర్రెపాల జున్నును, అంటే చీజ్‌ను, దూడ కడుపులోంచి తీసే రసంతో కాకుండా ఒక ముళ్ళ మొక్క పువ్వుతో విరగ్గొడతారు కాబట్టి శాకాహారులు కూడా తినవచ్చు. ఇది తెలుసుకోవడానికి నేను ఒక జున్ను చేసేవాళ్ళ ఇంట్లో సగం రోజు కూర్చున్నాను. మిఠాయిల దగ్గర జాగ్రత్తగా ఉండు. దాదాపు అన్నింటిలో గుడ్డు పచ్చసొన ఉంటుంది, కొన్నింటిలో పంది కొవ్వు కూడా వేస్తారు.

ఒకసారి "మాంసం వద్దు" అని చెప్తే సలాడ్ నిండా ట్యూనా చేప వేసి తెచ్చారు. వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. మరోసారి మావాళ్ళు సూట్‌కేస్‌లో తెచ్చుకున్న రైస్ కుక్కర్ హోటల్ గదిలో పెడితే ఆవిరికి అలారం మోగి, అంతస్తంతా నైటీలతో, లుంగీలతో రోడ్డు మీదికి వచ్చింది. ఇవన్నీ నవ్వుకునే తప్పులు. నవ్వుకోలేని తప్పు ఒకటే చేశాను.

రాజ్యలక్ష్మి గారు

నేను చేరి పదిహేడేళ్ళయిన సంవత్సరం. ఇరవై నాలుగు మందితో పోర్చుగల్ వెళ్ళాం. అందులో సునీత అని షామ్‌బర్గ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆవిడ తల్లి రాజ్యలక్ష్మి గారు ఉన్నారు. రాజ్యలక్ష్మి గారు కూతురి దగ్గరే ఉంటారు. డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, మోకాలి ఆపరేషన్ అయి చేతికర్రతో నడుస్తారు. పుట్టినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి. షామ్‌బర్గ్‌లో శనివారాలు విష్ణుసహస్రనామం చదివే ఆడవాళ్ళ గ్రూప్‌కి ఆవిడే పెద్ద.

లిస్బన్‌లో రెండు రోజులూ ఆవిడ బయట ఏమీ తినలేదు. తెచ్చుకున్న ఖాక్రాలు, అటుకులు, అరటిపండ్లతో గడిపారు. రెండో రోజు మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. సునీత భయపడిపోయింది. బస్సులో నేను ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను, "రేపు ఎవోరాలో నేను చెప్పిన చోట తినండి. నాది పూచీ."

"నువ్వు చెప్తున్నావు కాబట్టి తింటాను పద్మా" అన్నారు.

నేను చెప్పిన చోట నేనే తినలేదు. నా పాత లిస్ట్‌లో ఉన్న భోజనశాల ఆ సంవత్సరం మూతపడింది. కొత్తదాన్ని షామ్‌బర్గ్ నుంచి ఫోన్‌లోనే మాట్లాడి ఖాయం చేశాను. దాని యజమాని లుర్దెస్ అని, నా వయసావిడే. ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. ఆ ఊరి ప్రత్యేకమైన సూప్ ఒకటుంది, అసోర్దా అంటారు. కొత్తిమీర, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరి, ఆలివ్ నూనె పోసి, మరుగుతున్న నీళ్ళు పోసి, అందులో రొట్టె ముక్కలు వేస్తారు. కొత్తిమీర, వెల్లుల్లి అంటే మనకు వేరే చెప్పాలా. నాకు అప్పుడే నోరూరింది.

మాంసం ఉందా అని అడిగాను. లేదంది. చేప వేస్తారా? వెయ్యమంది. గుడ్డు వద్దన్నాను, సరేనంది. ఎముకల రసం లాంటిది పోస్తారా అని కూడా అడిగాను. "లేదు లేదు, నీళ్ళే పోస్తాం" అంది. ఫోన్ పెట్టేసి లిస్ట్‌లో రాసేశాను. పదిహేడేళ్ళ అనుభవం, గొంతు వింటేనే వంటగది ఎలాంటిదో తెలిసిపోతుందన్న పొగరు నాకు. గ్రూప్ కంటే గంట ముందు వెళ్ళి రుచి చూద్దామనుకున్నాను గానీ బస్సు ఆలస్యమైంది. పోనీలే, అన్నీ అడిగాను కదా అని సరిపెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం రాజ్యలక్ష్మి గారు రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. సునీత నా వంక చూసి చేతులు జోడించింది. నేను అటూ ఇటూ తిరుగుతూ మిగతా బల్లలు చూసుకుంటున్నాను. అందరూ తిని, అక్కడి గైడ్‌తో రోమన్ గుడి చూడ్డానికి వెళ్ళాక, మిగిలిన సూప్ ఒక గిన్నెలో పోసుకుని కూర్చున్నాను.

ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాను. నేను బందరులో పుట్టి చేపలు తిని పెరిగినదాన్ని. కొత్తిమీర వెనక, వెల్లుల్లి వెనక ఏముందో నా నాలుక్కి వెంటనే తెలిసిపోయింది.

లుర్దెస్‌ను అడిగితే నవ్వుతూ వంటగదిలోకి తీసుకువెళ్ళి పొయ్యి మీది పెద్ద గిన్నె చూపించింది. ఎండుచేప ఉడకబెట్టిన నీళ్ళు. చేప పక్కకు తీసి వేరే వంటకానికి వాడుతుంది, ఆ నీళ్ళు సూప్‌లోకి పోస్తుంది. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో అలాగే చేస్తారట. "ఇవి లేకపోతే రుచి ఎక్కడ నుంచి వస్తుంది?" అని గర్వంగా అడిగింది. ఆవిడ నాకు అబద్ధం చెప్పలేదు. సూప్‌లో చేప వెయ్యలేదు, నీళ్ళే పోసింది. అవి ఏం నీళ్ళని నేను అడగలేదు. నేనే ముందు ఒక చెంచా తిని ఉంటే ఇంత జరిగేది కాదు. తప్పు నూటికి నూరుపాళ్ళూ నాదే.

ఇద్దరు వద్దన్నారు

ముందు సునీతకు చెప్పాను. గుడి ముందు నీడలో పక్కకు పిలిచి చెప్పాను.

"అమ్మకి చెప్పకండి పద్మ గారూ, ప్లీజ్. ఇవాళే కడుపు నిండా తింది. చెప్తే ఇంక ఎక్కడా ముట్టుకోదు. ఇంకా నాలుగు రోజుల టూర్ ఉంది. షుగర్ టాబ్లెట్స్ వేసుకుని తినకపోతే ఎంత రిస్కో నిన్న చూశారు కదా. తెలిసి తినలేదు, పాపమైతే నాకే రానివ్వండి."

తర్వాత యాదగిరి గారికి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే ఆఫీసు తెరిచారు. అంతా విని, "ఆమెకు తెల్వదు కద? ఊకో మరి. చెప్పి ఏం సాధిస్తవ్? గ్రూపంత గడబిడ అయితది" అన్నారు.

"తినకుండా పెట్టొద్దని మీరే కదా నేర్పించారు" అన్నాను.

"తినకుంటే పెట్టద్దన్న. పెట్టినంక చెప్పుమనలే."

ఆయన దగ్గర నేను నేర్చుకోనిది లేదు. కానీ ఆ రోజు ఆయన చెప్పింది తప్పు. కొత్తవాళ్ళకు ఇది కూడా చెప్పాలి. మంచి బాస్ చెప్పినా కొన్ని వినకూడదు.

అయినా వెంటనే వెళ్ళి చెప్పేంత ధైర్యం నాకూ లేకపోయింది. సాయంత్రం హోటల్ వరండాలో రాజ్యలక్ష్మి గారే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చేతిలో చిన్న డైరీ, పెన్ను.

"ఆ సూప్ ఎలా చేస్తారో చెప్పు పద్మా. శనివారం మా సహస్రనామం వాళ్ళకి చేసి పెడతాను. కొత్తిమీర, వెల్లుల్లి రాసుకున్నాను. నీళ్ళు ఎన్ని పొయ్యాలి?"

మంచినీళ్ళు నాలుగు గ్లాసులు అని చెప్తే సరిపోయేది. ఆవిడ ఇంట్లో చేసేది ఏ దోషమూ లేని సూపే అవుతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. "రేపు కనుక్కుని చెప్తాను" అని లేచి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

చెప్పేశాను

మర్నాడు పొద్దున అందరూ మార్కెట్‌కి వెళ్ళారు. రాజ్యలక్ష్మి గారు నడవలేనని చౌరస్తాలో ఫౌంటెన్ దగ్గర కూర్చున్నారు. పక్కన కూర్చుని, చుట్టూ తిప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. చేప ముక్క లేదు గానీ చేప ఉడికించిన నీళ్ళు ఉన్నాయనీ, నేను రుచి చూడకుండా పెట్టించాననీ, తప్పు లుర్దెస్‌ది కాదు నాదనీ చెప్పాను. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఒక్క మాట అడిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న మధ్యాహ్నం."

"ఇంకెవరికి తెలుసు?"

"సునీతకి. మా యాదగిరి గారికి."

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసు" అన్నారు. "నోరు నాది. మాట్లాడుకుంది మీరు ముగ్గురూ."

ఆవిడ సీసాలో నీళ్ళతో నోరు పుక్కిలించి, కర్ర తీసుకుని హోటల్‌కు వెళ్ళిపోయారు. నేను వెంట వెళ్తే చెయ్యెత్తి వద్దన్నారు.

పన్నెండింటికి లుర్దెస్ దగ్గరికి వెళ్ళాను. విషయం వివరంగా చెప్తే పాపం ఆవిడ కూడా బాధపడింది. బీరువా పైనుంచి ఇంతవరకూ వాడని గిన్నె ఒకటి దించింది. కుళాయి నీళ్ళు నేనే పట్టి పొయ్యి మీద పెట్టాను. కొత్తిమీర, వెల్లుల్లి నేనే నూరాను. ఒక గిన్నె నిండా పోసుకుని పూర్తిగా తిన్నాను. ఆవిడ వస్తారన్న నమ్మకం ఏమీ లేదు. వస్తే మాత్రం ఈసారి నా కడుపులోకి వెళ్ళనిది ఆవిడ ముందు పెట్టకూడదనుకున్నాను.

ఒంటిగంటకు సునీత ఒక్కతే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బిస్కెట్ కూడా వద్దంటోంది. టాబ్లెట్ టైమ్ దాటిపోయింది. చెప్పొద్దని అంతగా చెప్పాను కదా మీకు" అంది. ఏదైనా అయితే దానికి నేనే బాధ్యురాలిని, నాకు తెలుసు. మూడింటికి వంటగది మూస్తారు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

రెండవుతుండగా సందులో కర్ర చప్పుడు వినిపించింది. గులకరాళ్ళ మీద ఒక్కో అడుగూ చూసి వేస్తూ రాజ్యలక్ష్మి గారు వచ్చారు. బల్ల దగ్గర కూర్చోలేదు. నేరుగా వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏ గిన్నె?"

"ఇది. కొత్తది."

"నీళ్ళు ఎవరు పోశారు?"

"నేనే పోశాను."

"తిన్నావా?"

"తిన్నానండీ."

"నా ముందు తిను."

కడుపులో చోటు లేదు. అయినా ఇంకో గిన్నె పోసుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని తిన్నాను. మొదటి చెంచా నుంచి చివరి చెంచా దాకా ఆవిడ నా ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. లుర్దెస్ పొయ్యి దగ్గర, సునీత గుమ్మంలో, ఎవరూ కదల్లేదు. నేను గిన్నె కింద పెట్టాక ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పెట్టు" అన్నారు.

టాబ్లెట్ వేసుకుని మెల్లగా తిన్నారు. సగం అయ్యాక చెంచా ఆపి, నా వైపు చూడకుండా అన్నారు, "నిన్నటి అంత రుచిగా లేదు."

సునీతకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపు కూడా వచ్చింది. లుర్దెస్ ఏమన్నారని అడిగితే బాగుందంటున్నారని చెప్పాను. నాకు తెలిసి ఈ వృత్తిలో నేను తెలిసి ఆడిన చివరి అబద్ధం అదే.

మిగిలిన మూడు రోజులూ రాజ్యలక్ష్మి గారు నేను ముందు తిన్నది మాత్రమే తిన్నారు. షామ్‌బర్గ్ తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు గ్రోసరీ షాపులో కనిపిస్తే ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు మళ్ళీ ఎందుకు వచ్చారని. కొత్తిమీర కట్టలు ఏరుకుంటూ చెప్పారు, "నువ్వు దాచేస్తే నాకు తెలిసేది కాదు. దాచగలిగి కూడా చెప్పావు. ఇంక నా దగ్గర నువ్వు దాచవని వచ్చాను. లేకపోతే ఆ ఊళ్ళో ఎవరిని నమ్ముకుని అన్నం తినాలి?" యాదగిరి గారు మాత్రం తన మాట ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు.

సాహితికి

అందుకే నీకు లిస్ట్ పంపడం లేదు. నేను ఎవోరా చివరిసారి వెళ్ళి మూడేళ్ళయింది. ఈలోగా ఎన్ని వంటగదుల్లో మనుషులు మారారో, ఏ గిన్నెలో ఏ నీళ్ళు మరుగుతున్నాయో నాకు తెలియదు. నేను తిన్నది నీ లిస్ట్ కాదు.

నీ గ్రూప్‌లో ఎవరెవరు ఉన్నారో నిన్న చూశాను. పైనే రాజ్యలక్ష్మి గారి పేరుంది. ఇప్పుడు ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి, అయినా ఆ రొట్టె, ఆ శనగలు మళ్ళీ తినాలట. నేను రిటైరయ్యానని తెలిసి ఫోన్ చేసి, "ఆ కొత్త పిల్ల ఎలాంటిది?" అని అడిగారు. మంచి పిల్ల అని చెప్పాను. ఆవిడకు అది చాలదు. మెనూ చదవరు, నీ ముఖం చదువుతారు. బల్ల దగ్గర కూర్చోగానే నిన్ను ఒక్కటే అడుగుతారు, నువ్వు తిన్నావా అని.

గ్రూప్ కంటే రెండు రోజులు ముందు బయల్దేరు. ఆకలితో వెళ్ళు.